మెట్ల మీద కుదిరిన బృందం

వేదవతి పుట్టింది చిక్కడపల్లిలో. చదివింది నారాయణగూడలో. పెళ్ళయి కాపురానికి వెళ్ళింది మళ్ళీ చిక్కడపల్లిలోనే, రెండు సందుల అవతలికి. అప్పగింతలప్పుడు ఏడవాలా వద్దా అని వాళ్ళమ్మ కాసేపు తటపటాయించిందట. ఉద్యోగం విశ్వవిద్యాలయం వారి ఉద్యాన విస్తరణ కేంద్రంలో. ఆ మహాసంస్థ నారాయణగూడలో ఒక ఇస్త్రీ దుకాణం పైన, రెండు కిరాయి గదుల్లో వెలసి ఉండేది. ఎండాకాలం కింద బొగ్గుల పెట్టె వేడి, పైన రేకుల వేడి. నడుమ శాస్త్రం.

ఆవిడ శాస్త్రం పేరు విస్తరణ. తక్కిన శాస్త్రవేత్తలు కనిపెట్టినదాన్ని జనానికి అర్థమయ్యేలా చెప్పడం దాని పని. తక్కిన శాస్త్రవేత్తల దృష్టిలో మాత్రం అది మైకు పట్టుకునే శాస్త్రం. ఇరవై ఏళ్ళకు పైగా వేదవతి ఆ శాస్త్రానికి చేసిన సేవ ఇదీ: బ్యానరు వంకర లేకుండా కట్టించడం, "హలో, హలో" అని మైకు పరీక్షించడం, వక్తలను ఒక్కొక్కరినే పొగడటం, చివర బిస్కెట్లు అందరికీ సరిపోయాయో లేదో చూడటం. ఎవరేం చెప్పాలో ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. చెప్పింది జనానికి పట్టిందా అనీ ఎవరూ అడగలేదు. ఆవిడా పెద్దగా బాధపడలేదు. మైకు పనిచేయని రోజు మాత్రం అందరూ ఆవిడ కోసమే వెతికేవారు, అదొక గౌరవం.

2009లో విశ్వవిద్యాలయానికి నగరవాసుల మీద దయ కలిగింది. మిద్దెల మీద కూరగాయలు పెంచుకునేవారికి శాస్త్రీయ సలహాలు ఇవ్వాలని తీర్మానించింది. ఆ దయకు మొట్టమొదట గురైంది అశోక్‌నగర్‌లో సమ్మక్క హాస్టలు.

సమ్మక్కది ములుగు వైపు పల్లె. గ్రూప్స్ పరీక్షలకు చదివే ఆడపిల్లల కోసం సొంత మేడలో హాస్టలు నడిపేది. నాలుగంతస్తులు, ఆ పైన మిద్దె, మిద్దె మీద ఆనపతీగ పందిరి. దాని నీడన పిల్లలు రాజ్యాంగం కంఠస్థం చేసేవారు. నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలియదు. ఆనపకాయ మాత్రం వేళకు పడేది, పప్పులో.

ఆ తీగకు కాస్త నలత చేసింది. సోమవారం నాడు మట్టి శాస్త్రం తరఫున సూర్యనారాయణమూర్తిగారు వచ్చి, వేళ్ళు కుళ్ళుతున్నాయి, నీళ్ళు తగ్గించమన్నారు. బుధవారం పురుగుల శాస్త్రం నుంచి రమాకాంత్ వచ్చి, ఆకులన్నీ నీళ్ళతో కడిగి వేపనూనె కొట్టమన్నాడు. శుక్రవారం కూరగాయల శాస్త్రం నుంచి భాగ్యశ్రీ వచ్చి, తీగ తల తుంచమంది. సమ్మక్క అన్నీ భక్తిగా పాటించింది. మరుసటి వారానికి పందిరి ఒక్కటే మిగిలింది.

ఈ సంగతి తెలియక, విజయగాథ రాసుకుందామని కెమెరా పట్టుకుని వేదవతి వెళ్ళింది. సమ్మక్క ఆవిణ్ణి పందిరి కింద కుర్చీ వేసి కూర్చోబెట్టింది. ఎండ నేరుగా పడుతోంది.

"మేడమ్, మీ సార్లంత ఒక్క తాననే పనిచేస్తరా?"

"అవునండీ. ఒకే యూనివర్సిటీ."

"మరి ఒగలతోని ఒగలు మాట్లాడుకోరా? ఏమన్న పంచాయితున్నదా?"

"అబ్బే, గొడవలేం లేవండీ. చాలా మర్యాదస్తులు."

"గొడవలున్న మా తోటికోడండ్లే బిడ్డ పెండ్లంటే ఒక్క తాన కూసోని మాట్లాడుకుంటరు. గొడవ లేనోళ్ళు మీకేమైంది?"

వేదవతి కెమెరా సంచిలో పెట్టేసుకుంది. ఫొటో తీయకుండానే మెట్లు దిగింది. కానీ ఆ ప్రశ్న దిగలేదు. నెల తిరక్కుండా ఆవిడ విశ్వవిద్యాలయానికి ఒక ప్రతిపాదన పంపింది: శాఖకొకరుగా కాదు, అన్ని శాఖలవారూ ఒక్క బృందంగా ఒక్కసారే మిద్దెలెక్కాలి. ఎప్పుడూ ఏ ప్రతిపాదనా పంపని మనిషి పంపింది కదా అని పైవారు ఆశ్చర్యంలోనే సంతకం చేసేశారు. 'బహుశాస్త్ర సమన్వయ బృందం' ఆవిర్భవించింది. దానికి సారథిగా ఎవరుండాలన్నది చిక్కు. మట్టి కింద పురుగులు ఉండనన్నాయి, పురుగుల కింద కూరగాయలు ఉండనన్నాయి. ఎవరికీ పోటీ కాని శాస్త్రం ఒక్కటే మిగిలింది. అలా వేదవతి సారథి అయింది.

బృందం మొదటి సమావేశం నారాయణగూడ గదిలో జరిగింది. సీనియారిటీ ప్రకారం కూర్చున్నారు. మొదట మూర్తిగారు మట్టి గొప్పతనం చెప్పారు. తర్వాత రమాకాంత్, "మూర్తి సార్ చెప్పినంక నేను చెప్పేదేమున్నది" అంటూ గంటసేపు చెప్పాడు. అందరికన్నా చిన్నది భాగ్యశ్రీ, "సార్లిద్దరూ చెప్పిందే నాది కూడా" అంది. సర్వం ఏకగ్రీవం. మరునాడు ఒక ఇంటికి వెళ్ళి, ఇల్లాలి ముందు ముగ్గురూ మూడు మాటలు చెప్పి వచ్చారు.

ఇది వేదవతికి అర్థం కావడానికి కొన్ని నెలలు పట్టింది. సమావేశంలో ఇంకొకరి శాస్త్రాన్ని కాదనడం అమర్యాద. ఇంటివాళ్ళ ముందు తన శాస్త్రాన్ని చెప్పకపోవడం కర్తవ్యలోపం. కనుక వీళ్ళు ఒప్పుకోవలసిన చోట పోట్లాడుతున్నారు, పోట్లాడవలసిన చోట ఒప్పుకుంటున్నారు. ఎవరిలోనూ దోషం లేదు. అందరూ ఉత్తములే. అదే చిక్కు.

బృందస్ఫూర్తి కోసం ఆవిడ ఒక శిక్షణ శిబిరం కూడా పెట్టించింది. శిక్షకుడు ఒక రబ్బరు బంతి ఇచ్చి, ఒకరికొకరు విసురుకుంటూ మనసులో మాట చెప్పుకోమన్నాడు. మూర్తిగారు బంతిని రెండు చేతులా పట్టుకుని, లేచి నడిచివెళ్ళి, తన తర్వాతి సీనియరు చేతిలో పెట్టి వచ్చి కూర్చున్నారు. రమాకాంత్ దాన్ని కళ్ళకద్దుకుని భాగ్యశ్రీకి అందించాడు. మనసులో మాట ఏదని శిక్షకుడు అడిగితే, "ఏమీ లేదండీ, అంతా బాగుంది" అన్నారు ముగ్గురూ.

అసలు సంగతి జరిగింది మళ్ళీ సమ్మక్క మేడలోనే. ఆవిడ కొత్తగా వంగ పెట్టింది. జబ్బు చేసిన ఆకు ఒకటి చేతబట్టుకుని గేటు దగ్గరే ఎదురొచ్చింది. నలుగురూ మెట్లెక్కసాగారు. మొదటి అంతస్తు చేరేసరికి మూర్తిగారి మోకాళ్ళు మొరాయించాయి. ఆయన "అమ్మయ్య" అని మెట్టు మీదే చతికిలబడ్డారు. పెద్దాయన్ను దాటి వెళ్ళడం మర్యాద కాదు కనుక మిగతావాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. అప్పటికే రెండు మెట్లు పైకెక్కేసిన భాగ్యశ్రీ అక్కడే నిలబడింది. ఊరికే నిలబడటం ఎందుకని రమాకాంత్ ఆకు తిరగేసి చూశాడు.

"పచ్చదోమ. మందు కొట్టాలె."

"దోమ ఎందుకొచ్చింది?" అన్నారు మూర్తిగారు మోకాలు రుద్దుకుంటూ. "ఎరువెక్కువైతే ఆకు మెత్తబడుతుంది. మెత్తగా ఉంటే దోమ వస్తుంది. మీ దోమకు భోజనం పెడుతోంది నా మట్టేనయ్యా."

"మట్టి సార్ది, దోమ మీది, మొక్క నాది గదా సార్!" అంది పై మెట్టునుంచి భాగ్యశ్రీ. "తొట్టికి ఒక్క మొక్క పెట్టమంటే నాలుగు పెట్టిందట ఆమె. గాలాడకుంటే ఇద్దరూ ఎంత చెప్పుకున్నా అంతే."

వేదవతి గోడకానుకుని వింటోంది. అక్కడ కుర్చీల్లేవు, సీనియారిటీ లేదు. పెద్దాయన కింద కూర్చున్నారు, చిన్నపిల్ల ఎత్తున నిలబడింది. రాసుకునేవాళ్ళు లేరు, కనుక ఏకగ్రీవమూ అక్కర్లేదు. రెండో అంతస్తులో రమాకాంత్ గొంతు పెరిగింది. మూడో అంతస్తులో మూర్తిగారు "నాకు తెలియదనుకో" అన్నారు. ఆ మాట ఆయన నోట వినడం ఆవిడకు అదే మొదలు. నాలుగో అంతస్తు దాటేసరికి ముగ్గురిదీ ఒక్క మాటయింది. మిద్దె మీద దాన్ని రమాకాంత్ ఒక్కడే చెప్పాడు. సమ్మక్క విని, "ఇది మంచిగున్నది" అంది.

ఆ రోజు ఇంటికి వెళ్తూ వేదవతి చిక్కడపల్లి మార్కెట్లో అక్కర్లేకపోయినా రెండు కట్టలు తోటకూర కొంది. సంతోషం వస్తే ఆవిడ చేసే దుబారా అది.

తర్వాత మూడేళ్ళు ఆవిడ జీవితంలో మంచి కాలం. బృందం పద్ధతి ఎక్కడా రాయలేదు గానీ, స్మృతుల్లా స్థిరపడింది. లిఫ్టు లేని ఇళ్ళే ఎంచుకోవాలి. ఇంటివాళ్ళు ఆకో కాయో గేటు దగ్గరికే తేవాలి. పోట్లాట మెట్ల మీద, మిద్దె మీద ఒక్కటే నోరు. ఆ నోరు ఎవరిదో చివరి మలుపులో తేలాలి. బందులూ రాస్తారోకోలూ లేని రోజుల్లో చిక్కడపల్లి, అశోక్‌నగర్, అటు రాంనగర్ దాకా మేడలెక్కారు. మూడంతస్తుల ఇంట్లో సలహా కాస్త పచ్చిగా ఉంటుందని, నాలుగంతస్తులైతే బాగా ఉడుకుతుందని మూర్తిగారి పరిశీలన. మైకులో వక్తలను పొగిడిన నోటితోనే వేదవతి ఇప్పుడు, "భాగ్యశ్రీ, నువ్వింకా ఒప్పుకోలేదనుకుంటా?" అని అడుగుతుండేది. ఆ పిల్ల ఎప్పుడూ ఒప్పుకునేది కాదు.

2012 ఆఖరున రెండు ఉపద్రవాలు ఒక్కసారి వచ్చాయి. మొదటిది, బృందాన్ని ఉంచాలా, విడదీసి ఎవరి శాఖలకు వాళ్ళను పంపాలా అని తేల్చడానికి ఒక సమీక్షా కమిటీ పడింది. దాని అధ్యక్షులు సూర్యప్రకాశరావుగారు, పదవీ విరమణ చేసినా పదవి ఆయన్ను విడవని పెద్దమనిషి. విడదీస్తే తక్కినవాళ్ళకు తలో ప్రయోగశాల ఉంది. వేదవతికి మైకు ఉంది. బ్యానరు తాళ్ళు తలుచుకుంటే ఆవిడకు అరచేతులు మండేవి. తనిఖీ సమ్మక్క హాస్టల్లోనే అన్నారు.

రెండోది సమ్మక్క ఫోను.

"మేడమ్, మీ పెద్దసారు మోకాళ్ళు సూడబుద్ధి కాక లిఫ్టు పెట్టిచ్చిన! ఇగ సారుకు పరేషాన్ లేదు. పిల్లలకు కూడ కిరాయి జర పెంచచ్చు."

"ఎంత మంచి మనసండీ మీది," అంది వేదవతి, కుర్చీలో కూలబడుతూ.

మూర్తిగారిని డాక్టరు అప్పటికే మెట్లెక్కవద్దన్నాడు. కనుక ఆయనతో మెట్లెక్కిద్దామన్న పాపపు ఆలోచన వచ్చినా, ఆవిడ దాన్ని లెంపలు వేసుకుని పంపేసింది.

తనిఖీ రోజు సమ్మక్క ఎప్పటిలా గేటు దగ్గర ఆకుతో నిలబడింది. ఈసారి మిరప. ఆకు అంచులు మాడి, ముడుచుకుని ఉంది. అందరూ దాన్ని చూశారు. అధ్యక్షులవారు కూడా చూసి, "ఆకు" అన్నారు. లిఫ్టు తలుపు తెరుచుకుంది. లిఫ్టులో మనిషి మనిషితో మాట్లాడడు. అంకెలకేసి చూస్తాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మెట్ల మీదైతే ఒక్క మాట మొదలుపెట్టే వ్యవధిలో మిద్దె వచ్చేసింది.

మిరప తొట్ల మధ్య అర్ధచంద్రాకారంలో నిలబడ్డారు. అధ్యక్షులవారు నడుమ నిలబడగానే అది సమావేశమైపోయింది.

"మూర్తిగారూ, మీ అభిప్రాయం?"

"ఉప్పండీ," అన్నారు మూర్తిగారు. "బోరు నీళ్ళు. మట్టి మీద తెల్లటి పొర చూడండి. తొట్టికి బిందెడు చొప్పున రెండు మూడుసార్లు నీళ్ళు పోసి ఉప్పు కడిగేయాలి."

"రమాకాంత్ గారూ?"

"మూర్తి సార్ చెప్పినంక ఇంకేమున్నది సార్."

"అమ్మా, మీరు?"

"సార్లిద్దరూ చెప్పిందే నాది కూడా సార్," అంది భాగ్యశ్రీ.

అధ్యక్షులవారి ముఖం వికసించింది. "భేష్! నలభై ఏళ్ళ సర్వీసులో శాఖల మధ్య ఇంతటి సమన్వయం నేను చూడలేదు. వేదవతిగారూ, ఇదంతా మీ చలవే. ఇక నా సిఫారసుకు అడ్డేముంది?"

సమ్మక్క అప్పటికే బిందె ఎత్తింది.

వేదవతి చేయవలసిందల్లా నవ్వడం. నవ్వితే బృందం నిలుస్తుంది, మైకు దూరమవుతుంది. ఆవిడ నవ్వబోయింది కూడా. ఇంతలో రమాకాంత్ కనిపించాడు. ఒక ఆకు తిరగేసి చూసి, పరాయివాళ్ళింటి గిన్నె మూత తీసినట్టు గబుక్కున మళ్ళీ వాల్చేశాడు. ఇటు భాగ్యశ్రీ కాలి బొటనవేలితో తొట్టి అడుగున ఏదో తడుముతోంది, తల మాత్రం ఊపుతోంది. మూర్తిగారు చెప్పినదాంట్లో తప్పేమిటో వేదవతికి తెలియదు. ఆవిడది మట్టి కాదు, పురుగు కాదు, మొక్క కాదు. కానీ ఎవరూ కాదనలేదు కాబట్టి అది తప్పే అయి ఉండాలని తెలుసు.

"మూర్తిగారూ," అంది, "మీరు చెప్పింది తప్పండీ."

మిద్దె మీద కాకి ఎగిరిపోయింది. సమ్మక్క బిందె దించింది. మూర్తిగారి ముఖం ముందు ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది.

"ఎందుకని?"

"నాకేం తెలుసండీ! వీళ్ళనడగండి. తెలిసీ నోరు కుట్టుకుని నిలబడ్డారు."

మూర్తిగారు ఇద్దరికేసీ చూశారు. చుట్టూ వెతికి, బోర్లించిన ఒక తొట్టి మీద "అమ్మయ్య" అని కూర్చున్నారు. మోకాలు రుద్దుకున్నారు.

"ఊఁ. చెప్పవే అమ్మాయ్."

అంతే, కట్ట తెగింది.

"తొట్లకు కింద బొక్కల్లేవు సార్! మూసేసిన్రు! బిందెడు నీళ్ళు పోస్తే మిరపచెట్టు ఈత నేర్చుకోవాలె!"

"నేనే మూసిన," అంది సమ్మక్క. "సిమెంటు పెట్టి. కింద రూములల్లకు నీళ్ళు కారుతున్నయని పిల్లలు నా పానం తీస్తుండ్రు."

"ఉప్పు సగమే సార్," అందుకున్నాడు రమాకాంత్. "అంచు మాడింది ఉప్పుకే, ఒప్పుకుంట. ముడత ఎందుకొచ్చింది? ఆకు కిందికి ముడిచింది చూడుండ్రి. నల్లి, ఆకురసం తాగే సన్న పురుగు. ఉప్పు కడిగితే నల్లి పోతదా?"

"మరి ఇందాక ఏమున్నది సార్ అన్నావేమయ్యా?"

"మీరు పెద్దోళ్ళు గద సార్!"

"పెద్దవాణ్ణయితే చెట్టును చంపనిస్తావా?"

అధ్యక్షులవారు నిర్ఘాంతపోయారు. "వేదవతిగారూ, ఇదేమిటి! పెద్దాయన్ను పట్టుకుని ఆ అమ్మాయి... ఆపండి వాళ్ళను!"

సారథిగా ఆపడం ఆవిడ విధి. ఆవిడ వెళ్ళి, పిల్లలు చదువుకునే ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి ఆయన వెనక వేసింది.

"కూర్చోండి సార్. మామూలుగా నాలుగంతస్తులు పడుతుంది."

ఆయన కూర్చున్నారు. నాలుగంతస్తులూ పట్టింది. మధ్యలో భాగ్యశ్రీ రెండుసార్లు మూర్తిగారి మాట కోసేసింది. మూర్తిగారు ఒకసారి బోరు నీళ్ళను, ఒకసారి రమాకాంత్ గురువుగారిని తిట్టారు. చివరకు అందరూ చల్లబడ్డాక, ఆ రోజు నోరు మూర్తిగారిదని తేలింది. ఆయన లేచి నిలబడి సమ్మక్కతో చెప్పారు: ముందు సిమెంటు పొడిచి బొక్కలు తెరవాలి, తొట్లు ఇటుకల మీద ఎత్తి పెట్టి కారే నీళ్ళు గొట్టం వైపు మళ్ళించాలి, అప్పుడు ఉప్పు కడగాలి, ఆకుల అడుగున నల్లి పోయేలా నీళ్ళు చిమ్మాలి, అది పోకపోతేనే మందు.

"గిది మాట," అంది సమ్మక్క. "ఇందాక మీరంత తియ్యగ మాట్లాడుకుంటుంటే నాకు బుగులైంది మేడమ్. ఆనపతీగ యాదికొచ్చింది."

అధ్యక్షులవారు కుర్చీలోంచి లేచారు. లిఫ్టులో అంకెలకేసి చూస్తూ దిగిపోయారు.

వేదవతి ఆ నెలంతా బీరువా పైనున్న పాత మైకు వంక చూడకుండా తిరిగింది. తప్పు చేశానని మాత్రం అనుకోలేదు. అనుకోవడానికి ప్రయత్నించి చూసింది, కుదరలేదు.

నెలాఖరుకు నివేదిక వచ్చింది. రమాకాంత్ దాన్ని నిలబడి, గొంతు సవరించుకుని చదివాడు: "బృంద సభ్యుల నడుమ తీవ్రమైన అభిప్రాయభేదములు గలవని కమిటీ ప్రత్యక్షముగా గమనించినది. ఇట్టి స్థితిలో వీరిని విడదీసి స్వస్వశాఖలకు పంపినచో ఆ భేదములు శాశ్వతమగు ప్రమాదము గలదు. కావున పూర్ణ ఐకమత్యము సిద్ధించు పర్యంతము బృందమును కొనసాగించవలెను."

రమాకాంత్ ఆఖరి వాక్యం తనలో తాను ఇంకోసారి చదువుకున్నాడు.

"అంటే మేడమ్," అన్నాడు రమాకాంత్ నెమ్మదిగా, "ఐకమత్యం వచ్చిన్నాడు మన పని ఖతం."

"రాదులే," అన్నారు మూర్తిగారు. "భాగ్యశ్రీ ఉన్నంతకాలం ఆ భయం లేదు."

"అట్లేం కాదు సార్!" అంది భాగ్యశ్రీ.

"చూశారా?"

వేదవతి నవ్వింది. ఈసారి అడ్డు రాలేదెవరూ.

ఆ పైన కొత్త ఏర్పాటు ఒకటి కుదిరింది. సమ్మక్క హాస్టలుకు వెళ్ళినప్పుడు మూర్తిగారు లిఫ్టులో ఒక్క అంతస్తు ఎక్కి, తలుపు కాలితో ఆపుకుని నిలబడతారు. తక్కిన ముగ్గురూ మెట్ల మీదుగా వచ్చి ఆయన్ను కలుస్తారు. వాదన అక్కడికి ఒక అధ్యాయం. మళ్ళీ ఆయన లిఫ్టు, వీళ్ళ మెట్లు. కోచింగుకు ఆలస్యమవుతోందని నాలుగో అంతస్తు పిల్లలు రెయిలింగు పట్టుకుని కిందికి వంగి కేకలు వేసేవారు.

"సార్! లిఫ్టు డోర్ జర మూయుండ్రి సార్!"

"ఉండండమ్మా," అనేవారు మూర్తిగారు పైకి చూసి, "ఇక్కడింకా నిర్ణయం కాలేదు."